రాయప్ప ఇచ్చేసిన పుంజు

హిందూపురంలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే రాయప్పకు దైవభక్తి నేర్పింది ఒక కోడిపుంజు. మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, పనిచేసిన గురువులు, మఠకన్యలు, ఉపదేశులు అందరూ కలిసి ఏళ్ల తరబడి చేయలేకపోయిన పనిని అది ఒక్క ఏడాదిలో చేసి చూపించింది. ఆదివారం వచ్చిందంటే రాయప్పను పొద్దున్నే లేపి, తల దువ్వించి, ఉతికిన చొక్కా వేయించి, పూజకు తీసుకుపోయి, కడపటి ఆశీర్వాదం అయ్యేదాకా బుద్ధిగా కూర్చోబెట్టేది ఆ పుంజే.

చిన్నప్పుడు కాన్వెంటులో అబద్ధం చెబితే మా సిస్టరు మోకాళ్ల మీద నిలబెట్టేది. ఆ మోకాళ్లు ఇప్పుడు అందుకు పనికిరావు కనుక ఉన్నది ఉన్నట్లు కొంత సరిదిద్దుతాను. పుంజు ముందు నడుస్తుంటే రాయప్ప వెనక నడిచేవాడని కాదు. పుంజు ఉండేది ధర్మవరంలో, రాయప్ప ఉండేది హిందూపురంలో. నడుమ పెనుకొండ ఉంది. ఆదివారం రాయప్ప ఇంట్లో చెప్పేది పెనుకొండ, రైలు దిగేది ధర్మవరం. మిగిలినదంతా నిజం. నిజం కానిది ఏదైనా ఉంటే అది నిజానికి బాగా దగ్గర.

రాయప్ప అంగడి మార్కెట్టు వెనక సందులో ఉంది. రొద్దం నుంచి, గుడిబండ నుంచి రైతులు కాలిపోయిన మోటార్లు తెచ్చి అక్కడ దించిపోతారు. లోపల ఎప్పుడూ వార్నిష్ వాసన, రాగితీగ చుట్టలు, గోడకు ఒక బాలయేసు క్యాలెండరు. మనిషి పనిమంతుడు, మితభాషి. ఆయనకు ఒకే ఒక్క విచిత్రమైన గుణం ఉంది. తన గురించి ఎవరు ఏది చెప్పినా ఒప్పుకోడు. జ్వరంతో ఒళ్లు కాలిపోతుంటే ఎండలో తిరిగి వచ్చానంటాడు. కూతురిని అత్తవారింటికి పంపిన రోజు కళ్లు ఎర్రగా ఉన్నాయేమని నేనే అడిగాను. వార్నిష్ పడిందన్నాడు. ఆ రోజు అంగడి తెరవనే లేదు.

క్రిస్మస్‌కు, ఈస్టరుకు మాత్రం గుడికి వచ్చేవాడు. మా గుడిలో మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు ఒక పక్క కూర్చుంటారు. రాయప్ప ఏ పక్కకూ పోకుండా వాకిట్లో చెప్పుల దగ్గర నిలబడేవాడు. అదేమని అడిగితే చెప్పులు పోతున్నాయి కదా, ఒక మనిషి ఉండాలి అనేవాడు.

పుంజు సంగతికి వస్తాను. రొద్దం రైతు ఒకాయన మోటారుతో పాటు గంపలో ఒక కోడిపిల్లను పెట్టి పంపాడు. కోసుకుని తినమనే పంపాడు. అది పెరిగింది, ఎవరూ కోయలేదు. ఎర్రటి మెడ, నల్లటి తోక, బూట్లు వేసుకున్నట్లు బరువైన నడక. పొద్దున అంగడి తెరవగానే అది ఒక్కో మోటారు ముందూ కాసేపు ఆగి, తల పక్కకు వంచి చూసి, తరువాతి దానికి పోయేది. పనులు సరిగా జరుగుతున్నాయా లేదా అని చూసుకుంటున్నట్లే ఉండేది. అందుకని దానికి కలెక్టరు అని పేరు పడింది. ఆ పేరు పెట్టింది తను కాదని, పక్కింటి అల్లాబక్ష్ అని రాయప్ప అంటాడు. అల్లాబక్ష్ లగేజీ ఆటోలో ఆయన మోటార్లు మోసే మనిషి. పేరు పెట్టింది రాయప్పేనని అతను అంటాడు. మధ్యాహ్నం ఇంటి నుంచి సంగటి వస్తే మొదటి ముద్ద కలెక్టరుకు పడేది. ఇందులో మాత్రం తగాదా లేదు, సందులో అందరూ చూసినదే.

రెండేళ్ల కిందట, వానలు వెనకబడిన రోజుల్లో, రాయప్ప భార్య ఇన్నాసమ్మకు విషజ్వరం వచ్చింది. రక్తంలో కణాలు పడిపోయాయన్నారు. ఇక్కడ కాదని బెంగుళూరుకు తీసుకుపోయారు. అక్కడి డాక్టర్లు ధైర్యం చెప్పలేదు, చూద్దాం అన్నారు. ఒక మధ్యాహ్నం రాయప్ప మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. వార్డుకు వచ్చిపోయే సిస్టరు ఎవరో బాలయేసు బొమ్మ ఉన్న చిన్న కార్డు మందుసీసాల నడుమ పెట్టిపోయారు. ఇన్నాసమ్మ నిద్రపోతూ ఉందనుకుని రాయప్ప ఆ బొమ్మతో మాట్లాడాడు. ఈమెను ఇంటికి పంపిస్తే, ఇంట్లో తనకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏదుంటే అది ఇచ్చేస్తానన్నాడు.

ఇన్నాసమ్మ నిద్రపోవడం లేదు. ఈ సంగతి నాకు తెలిసింది ఆమె వల్లనే. రాయప్పను అడిగితే ఆ రోజు ఫ్యాను సరిగా తిరగడం లేదని గొణుక్కున్నానంటాడు.

ఇన్నాసమ్మ బతికింది. ఇంటికి వచ్చింది. క్రిస్మస్‌కు ముందరి ఆగమన కాలం మొదలై, గుడిలో బాలయేసు పశువుల పాకకు వెదుళ్లు దించే నాటికి లేచి తిరుగుతూ ఉంది. మా విచారణలో ఒక ఆచారం ఉంది. ఆ ఏడు మేలు పొందినవాళ్లు క్రిస్మస్ పొద్దుటి పూజలో తమ కృతజ్ఞతను చేత పట్టుకుని పీఠం దగ్గరికి వస్తారు. చింతపండు తెచ్చేవాళ్లు, బెల్లం దిమ్మె తెచ్చేవాళ్లు, రాగులు, శనక్కాయలు, కోళ్లు. రాయప్ప తమ ఇంటి తరఫున వెట్ గ్రైండరు ఇస్తానన్నాడు.

“గ్రైండరు మింద నీకు ఎప్పుడు పుట్టిందయ్యా అంత ఇష్టం?” అని ఇన్నాసమ్మ అడిగింది.

“మొదట్నించీ ఉండాది.”

“అట్లయితే రోజూ సంగటి ముద్ద దానికే పెట్టాల్సింది. కలెక్టరుకేంటికి పెడతాండావు?”

రాయప్ప రాగితీగ ఇంకో చుట్టు చుట్టాడు. తరువాత, ఇంట్లో ఇష్టమైనది అని లెక్క చూస్తే పుంజును కాదు, నిన్నివ్వాల అన్నాడు. ఆయన నోటి నుంచి అలాంటి మాట రావడం అదే మొదలని ఇన్నాసమ్మ అంటుంది. వచ్చింది కదా అని ఆమె ఊరుకోలేదు.

“ఇయ్యి. ఫాదరుకు వంటమనిషి లేదంట. పాటలో నన్ను ఎవురు పాడతారో చూస్తాం.”

“ఊరికే ఇచ్చినా తీసుకోరు. వారం దినాలకు వాపసు తెస్తారు.”

పుంజు అని తేలింది. దేవుడికి చెప్పిన మాటను గ్రైండరుతో సర్దడం ఇన్నాసమ్మ దృష్టిలో మోసం. ఆ జ్వరంలో ఆమె ఆ మాటను పట్టుకునే పడుకుని ఉంది.

ఇన్నాసమ్మ పాట అంది కదా, అదేమిటో చెప్పాలి. పూజ అయ్యాక ఆ కానుకలన్నీ గుడి ఆవరణలో వేలం వేస్తారు. వేలం పలికేది ప్రతి ఏడూ నేనే, నా గొంతు అలాంటిది. వచ్చినది హాస్టలు పిల్లల బట్టలకు పోతుంది. మా వాళ్లే కాక చుట్టుపక్కల హిందువులు, ముస్లిములు కూడా వస్తారు. పాక చూస్తారు, పనిలో పనిగా పాట పాడి బెల్లమో కోడో పట్టుకుపోతారు. ఒక్కటే కట్టుబాటు. ఇచ్చినవాడు తాను ఇచ్చినదానిని పాడకూడదు, అది తిరిగి ఆ ఇంటికి పోకూడదు. ఎక్కడా రాసిలేదు గానీ ఎవరూ దాటరు. ఎప్పుడో చిన్నప్ప అనే ఆయన పెద్ద గుమ్మడికాయ ఇచ్చి, మనసు నిలవక అల్లుడితో పాడించుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. చచ్చేదాకా ఆయన గుమ్మడికాయ చిన్నప్పగానే ఉన్నాడు. ఆయన పోయినప్పుడు ఫ్లెక్సీలో కూడా అట్లాగే వేయబోతే నేనే ఆపించాను.

వేలంలో పోయిన కోళ్లు మధ్యాహ్నానికి కుండలో ఉంటాయి. రాయప్పకు ఈ సంగతి తెలుసు. డిసెంబరు నడుస్తున్న కొద్దీ ఆయన తిండి తగ్గింది. చివరకు ఒక రోజు ఆటోలో మోటారు ఎక్కిస్తూ అల్లాబక్ష్ చెవిలో వేశాడు. పుంజును నువ్వు పాడు, నీ ఇంటి వెనక పెట్టుకో, నేను చూసిపోతుంటాను, ఈ మాట మీ ఇంట్లో కూడా పొక్కకూడదు. అల్లాబక్ష్ ఒట్టు వేశాడు.

మొగుడు సగం ముద్దకే చేయి కడుక్కోవడం ఇన్నాసమ్మ చూస్తూనే ఉంది. మొక్కు పీఠం దగ్గర తీరిపోతుంది, ఆ తరువాత జరిగేది బేరం మాత్రమే అని ఆమె తనకు తానే నచ్చజెప్పుకుంది. నీళ్ల కుళాయి దగ్గర అల్లాబక్ష్ భార్య హజరాబీని పక్కకు పిలిచి, పుంజును నువ్వు పాడక్కా, మీ ఆయనకు కూడా చెప్పొద్దు అంది. హజరాబీ కూడా ఒట్టు వేసింది. ఆ మొగుడూ పెళ్లాలు ఒకే చాప మీద కూర్చుని తింటూ ఒకే రహస్యాన్ని ఒకరికొకరు దాచుకున్నారు.

క్రిస్మస్ పొద్దున రాయప్ప మొదటిసారిగా చెప్పులు దాటి లోపలికి వచ్చాడు. మిగిలినవాళ్లు కోళ్లను కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి తెచ్చారు. రాయప్ప కలెక్టరును చంటిబిడ్డలా చంకలో పెట్టుకుని తెచ్చాడు. పుంజు తురాయికి కొబ్బరినూనె రాసి ఉంది. ఫాదరు చేతులు చాచి తీసుకున్నాడు. పుంజు ఒక్క రెక్క కూడా కొట్టలేదు. రాయప్ప చేతులు మాత్రం కాసేపు అట్లాగే వంగి ఉండిపోయాయి.

వేలంలో బెల్లం, చింతపండు సులువుగా పోయాయి. కలెక్టరును పైకెత్తాను. మగవాళ్ల వైపు నుంచి అల్లాబక్ష్ పాడాడు. ఆడవాళ్ల వైపు నుంచి ఇంకో గొంతు పాడింది. అల్లాబక్ష్ అటు చూడకుండానే పెంచాడు. ఆ గొంతూ పెంచింది. పాట ఒక పుంజు ధర దాటింది, రెండు పుంజుల ధర దాటింది, పొట్టేలు దగ్గరికి వచ్చింది. అప్పుడు అల్లాబక్ష్‌కు ఆ గొంతు ఎక్కడో విన్నట్లు అనిపించింది.

“ఏమే, నీకేంటికే పుంజు?”

“నీకేంటికో చెప్పు, నాకేంటికో చెప్తా.”

జనం నవ్వారు. ఇద్దరూ చెప్పలేరు, ఇద్దరూ ఆపలేరు. నేనైతే ఆపాల్సింది. కానీ పాట అంత బాగా నడుస్తుంటే ఆపడం నా స్వభావం కాదు. పాక దగ్గర నిలబడిన ఫాదరే వచ్చి అడిగాడు, ఒకే ఇంటికి పోయే పుంజుకు ఇద్దరు పాడేదేమిటని.

“మా ఇంటికి కాదు సామీ” అన్నాడు అల్లాబక్ష్. అనేసి నాలుక కరుచుకున్నాడు.

మరి ఎవరింటికి అని ఫాదరు అడిగాడు. మాటిచ్చినా సామీ అన్నాడు అల్లాబక్ష్. నేనూ మాటిచ్చినా అంది హజరాబీ. ఇక ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. ఆవరణలో ఉన్న తలకాయలన్నీ రాయప్ప వైపు తిరిగాయి. ఇన్నాసమ్మ నేల చూసింది.

“రాయప్పా, ఈ పుంజు నీదేనా?” అని ఫాదరు మెల్లగానే అడిగాడు. ఒప్పుకుంటే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆ ఫాదరు మెత్తని మనిషి, తీసుకుపొమ్మనేవాడేమో. కానీ గుమ్మడికాయ చిన్నప్ప మనుమలు అక్కడే ముందు వరుసలో నిలబడి ఉన్నారు.

“నాదెట్లయితాది సామీ. ఇచ్చేస్తి గదా. అయినా నేనేం సాకినానా దాన్ని? అదే వచ్చి అంగడి ముందర తిరుగుతాండె.”

యేసు ఎవరో తెలియదని శిష్యుడు బొంకినప్పుడు కోడి కూసినట్లే, ఆ మాటకు పుంజు కూసిందని కొందరు చెబుతారు. పుంజు నా చేతిలోనే ఉంది, నాకైతే వినపడలేదు. నా చెవుల మీద ప్రమాణం చేయలేను.

భార్యాభర్తలు ఇద్దరినీ ఫాదరు పాటలోంచి తప్పించాడు. మళ్లీ మొదటి నుంచి పిలిచాను. ధర్మవరం నుంచి కూతురింటికి పండుగకు వచ్చిన జోజప్ప పాడాడు. అక్కడ చాలా ఏళ్లు ఉపదేశిగా పనిచేసి మానుకున్న ముసలాయన, నాటుకోడి అంటే ప్రాణం. పోటీ ఎవరూ రాలేదు. పాట ఆయన పేరున ఖాయం చేశాను. జోజప్ప వచ్చి పుంజును కాళ్లు పట్టుకుని తలకిందులు చేశాడు.

“అట్ల పట్టుకోగాకన్నా” అన్నాడు రాయప్ప. “కాళ్లు నొప్పి పెడతాయి వానికి.”

“కూరలోకి పొయ్యేదానికి కాళ్ల నొప్పేందప్పా?”

రాయప్ప పుంజును తిరిగి చేతుల్లోకి తీసుకున్నాడు. ముసలాయన మోయలేడని చెప్పి తనే స్టేషను దాకా పుంజును చంకలో పెట్టుకుని నడిచాడు. పండుగ భోజనానికి ఇంటికి వచ్చేసరికి కూరలు చల్లారిపోయాయి.

ఇక్కడి నుంచి జరిగినది జోజప్ప నాకు చెప్పినది. ఆయన ఉపదేశి కనుక నాకన్నా నమ్మదగినవాడు. రైలు కదిలాక రాయప్ప కిటికీ పక్కనే ప్లాట్‌ఫారం చివరిదాకా నడుస్తూ వచ్చాడట. చూపు జోజప్ప మీద కాదు, ఒళ్లో పుంజు ఉన్న సంచి మీద. ఇంటికి పోయాక జోజప్ప ఈ సంగతి భార్యతో చెప్పాడు. చెప్పాల్సింది కాదు. ఆమె కత్తిపీట తీసి దాచేసింది. కలెక్టరు వాళ్ల పెరట్లో పెట్టల మధ్య తిరగసాగాడు.

రాయప్పకు ఇది తెలియదు. కుండలో పోయిందనే అనుకున్నాడు. సంగటి ముద్ద చేతిలోకి తీసుకుని వాకిలి వైపు చూసి మళ్లీ పళ్లెంలో పెట్టేవాడని ఇన్నాసమ్మ చెప్పింది. ఫిబ్రవరిలో జోజప్ప నుంచి ఫోను వచ్చింది, బోరు మోటారు కాలింది, ఆదివారం వచ్చి చూడమని. ఉపదేశి అబద్ధమాడాడని నేను రాయను. మోటారు కొంచెం వేడెక్కి ఉండవచ్చు.

రాయప్ప పోయేసరికి జోజప్ప ఇల్లు తాళం. అందరూ గుడిలో ఉన్నారని పక్కింటివాళ్లు చెప్పారు. వెతుక్కుంటూ గుడికి పోయాడు. అక్కడ చెప్పుల దగ్గర నిలబడడానికి చోటు లేదు, ఎవరో లోపలికి జరగమన్నారు. కూర్చున్నాడు. పూజ అయ్యాక జోజప్పతో పాటు ఇంటికి వెళ్లి, మోటారు చూద్దామని పెరట్లోకి పోయాడు. కలెక్టరు వచ్చి ఎదురుగా నిలబడి, తల పక్కకు వంచి చూసి, చొక్కా గుండీని పొడిచాడు.

“తీసుకపో అప్పా” అన్నాడు జోజప్ప. “సంచిలో ఏసుకొని పో. ఎవురికి తెలుస్తాది?”

రాయప్ప గొంతుకూర్చుని పుంజు మెడ మీద చేయి వేసి చాలాసేపు ఉన్నాడట. జోజప్ప భార్య కాఫీ తెచ్చి, అది చల్లారితే మళ్లీ వేడిచేసి తెచ్చింది. రాయప్ప లేచి చేయి తుడుచుకున్నాడు.

“వద్దులేన్నా. నేనిచ్చింది నేను వాపసు తీసుకుంటే, ఆయనిచ్చింది ఆయన వాపసు తీసుకోడా? ఇన్నాసమ్మ ఇప్పుడిప్పుడే బాగా తింటాండాది.”

జోజప్ప ఇంకేమీ బలవంతం చేయలేదు. చూడాలనిపించినప్పుడు రమ్మన్నాడు. అంగడికి సెలవు ఆదివారమే కదా, ఆ రోజు పూజ అయ్యేదాకా తమ ఇల్లు తాళం వేసి ఉంటుందని మాత్రం చెప్పాడు. ఏళ్ల తరబడి మనుషులకు ఉపదేశం చెప్పిన బుర్ర కదా.

అలా మొదలైంది. ఆదివారం పొద్దున పెనుకొండలో మోటారు చూసి రావాలని చెప్పి రాయప్ప రైలెక్కేవాడు. జేబులో రాగులు. ధర్మవరం గుడిలో మగవాళ్ల వైపు వెనక వరుసలో కూర్చునేవాడు. మొదట్లో ప్రసంగం జరుగుతుంటే కిటికీలోంచి జోజప్ప ఇంటి వైపు చూసేవాడట. వేసవి వచ్చేసరికి ప్రసంగం వినేవాడు. ఇప్పుడు సత్ప్రసాదం తీసుకున్నాక అందరికన్నా ఎక్కువసేపు మోకరించి ఉంటాడని జోజప్ప అంటాడు. పుంజు కోసమా, దేవుడి కోసమా అని నేను అడిగితే, ఆ రెండూ ఆయనలో ఎక్కడ అతికాయో కనిపించడం లేదన్నాడు.

ఇన్నాసమ్మకు పెనుకొండ పుట్టిల్లు. అక్కడ రాయప్పకు మోటారు ఇచ్చేవాడు ఎవడూ లేడని ఆమెకు తెలుసు. డబ్బాలో రాగులు తగ్గడమూ తెలుసు. ఎందుకు అడగవమ్మా అన్నాను. అడిగితే పొయ్యేది నిలిపేస్తాడు, పోనీలే, గుడికే గదా పోతాండేది అంది. శనివారం ఆయన చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెడుతుంది.

పోయిన ఏడాది చివరి రోజు సాయంత్రం ధర్మవరంలో కృతజ్ఞతా పూజ జరిగింది. ఏడాదిలో పొందిన మేలు ఎవరైనా చెప్పాలనుకుంటే నిలబడి చెప్పవచ్చని అక్కడి ఫాదరు అన్నాడు. ఉద్యోగం వచ్చినవాళ్లు, మగ్గం మళ్లీ ఆడినవాళ్లు, పరీక్షలు గట్టెక్కినవాళ్లు చెప్పారు. అందరూ అయ్యాక వెనక వరుసలో రాయప్ప లేచాడట. ఇంటి దగ్గర మనిషి బాగుండాది సామీ అన్నాడట. అంతటితో కూర్చున్నాడట. నేను అక్కడ లేను. ఉండి ఉంటే ఇంకో నాలుగు మాటలు కలిపి రాసేవాణ్ని.

ఇదంతా రాశాక రాయప్పకు చదివి వినిపించడం న్యాయమనిపించింది. కాగితాలు పట్టుకుని అంగడికి పోయాను. ఆయన మోటారు ఒళ్లో పెట్టుకుని తీగ చుడుతూ మొదటి నుంచి చివరిదాకా విన్నాడు, తల ఎత్తలేదు. అయిపోయింది, ఏమంటావు అన్నాను.

“ఎవుని కథనో నాకేంటికి చెప్తాండావు తాతా?” అన్నాడు. “నేను పుంజును సాకిందీ లేదు, మా ఇంటిదానికి జొరమొచ్చిందీ లేదు. ధర్మవరం నేను చూడనే లేదు.”